శాన్‌ఫ్రాన్సిస్కో క్వీర్ రాత్రులు: మొదటిసారి వెళ్ళే తెలుగువాళ్ళ కోసం

ఆఫీసు పని మీదో, ఎమ్మెస్ చదువుకో, అక్కాబావల ఇంటికి చుట్టపుచూపుగానో బే ఏరియాకి వచ్చి, ఒక్క శనివారం రాత్రయినా శాన్‌ఫ్రాన్సిస్కోలో గే పేటగా పేరున్న కాస్ట్రో వైపు వెళ్ళి చూద్దామనుకునే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, కాకపోతే ఎవర్నీ అడగలేరు. రూమ్మేట్‌ని అడిగితే "అక్కడ నీకేం పని" అంటాడు, గూగుల్‌ని అడిగితే పది బార్ల పేర్లు చేతిలో పెడుతుంది. ఆ పది పేర్లు పట్టుకుని వెళ్ళినవాడు రాత్రి పదకొండింటికి ఏదో ఒక తలుపు ముందు లైన్లో నిలబడి, చెవులు పగిలే పాటల మధ్య ఎవరితోనూ మాట్లాడకుండా ఒక బీరు తాగి, ఇంతేనా అనుకుంటూ చివరి రైలు కోసం పరిగెత్తుతాడు. అందుకే నా సలహా ముందే చెప్పేస్తున్నా. పగలు మొదలుపెట్టండి, సాయంత్రం వెలుతురు ఉండగానే ఒక చోట కూర్చోండి, క్లబ్బుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

గే, లెస్బియన్, బై, ట్రాన్స్ వాళ్ళకీ, తమ గురించి ఇంకా తేల్చుకోని వాళ్ళకీ రాస్తున్నా, వీళ్ళందర్నీ కలిపే క్వీర్ అంటున్నా. ఫ్రెండ్స్‌తో కలిసి వచ్చే స్ట్రెయిట్ వాళ్ళకి కూడా కింద రెండు ముక్కలున్నాయి, అవి కాస్త ఘాటుగా ఉంటాయి.

బయల్దేరే ముందు

ఇక్కడ మందుకి 21 నిండాలి, జుట్టు నెరిసినవాళ్ళని కూడా తలుపు దగ్గర ఐడీ అడుగుతారు. కాలిఫోర్నియా డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే గొడవే లేదు. లేకపోతే ఒరిజినల్ పాస్‌పోర్ట్ తీసుకెళ్ళండి. ఆధార్ కార్డు, మన ఆర్టీఓ ఇచ్చిన లైసెన్స్, ఫోన్లో పాస్‌పోర్ట్ ఫోటో, ఇవేవీ నమ్ముకోవద్దు. జిప్ ఉన్న లోపలి జేబులో పెట్టుకోండి, ఎందుకంటే కిక్కిరిసిన డాన్స్ ఫ్లోర్ల మీద ఫోన్లూ పర్సులూ కొట్టేసేవాళ్ళు ఈ ఊళ్ళోనూ ఉన్నారు.

జాకెట్ తప్పనిసరి. జూలైలో కూడా. శాన్‌హోసేలో ఎండ మండిపోతోందని టీషర్ట్‌తో బయల్దేరతారు, ఇక్కడ సాయంత్రమయ్యేసరికి కొండ మీంచి పొగమంచు దిగి పళ్ళు టకటకలాడతాయి. కొంత క్యాష్ ఉంచుకోండి, అందులో ఒక్క డాలర్ నోట్లు ఎక్కువుండేలా చూసుకోండి, ఎందుకో తర్వాత చెప్తా.

ఇంట్లో ఇంకా చెప్పని వాళ్ళు ఫోన్ మీద పది నిమిషాలు కూర్చోండి. ఐఫోన్‌లోనో గూగుల్ మ్యాప్స్‌లోనో ఎప్పుడో అన్నకి లొకేషన్ షేర్ చేసి మర్చిపోయి ఉంటారు, అది చూసుకోండి. డబ్బు పంపుకునే వెన్మో యాప్ మరీ ప్రమాదం: సెట్టింగ్ మార్చకపోతే ఎవరికి ఎందుకు డబ్బు పంపారో కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్ళకి కూడా కనిపించొచ్చు, మీరు బార్ పేరు రాసి పక్కన కాక్‌టెయిల్ బొమ్మ పెట్టారంటే ఆ ముక్క సనివేల్‌లో ఉన్న మీ కజిన్ ఫీడ్‌లో కూడా పడొచ్చు. ప్రైవేట్ చేసేయండి, పాతవి కూడా. గ్రైండర్ లాంటి డేటింగ్ యాప్‌లు వాడేవాళ్ళు దూరం చూపించే ఆప్షన్ ఆపేయండి, తెలుగువాళ్ళు నిండిన అపార్ట్‌మెంట్లలో "200 అడుగుల దూరంలో" అని కనిపించడం అంత మంచిది కాదు. అలాగని ఎవరికీ చెప్పకుండా వెళ్ళొద్దు. నమ్మకమైన ఒక్క మనిషికి మీరెక్కడున్నారో తెలియాలి, ఆ మనిషి ఇండియాలో ఉన్నా సరే.

మధ్యాహ్నం కాస్ట్రో

డౌన్‌టౌన్‌లో బార్ట్ రైలు దిగి అదే స్టేషన్లో నగర రైళ్ళు మ్యూని కె, ఎల్, ఎం లైన్లలో ఏదెక్కినా కాస్ట్రో స్టేషన్‌కి తీసుకెళ్తుంది. తొందర లేకపోతే మార్కెట్ స్ట్రీట్ మీద నడిచే ఎఫ్ లైన్ పాత ట్రామ్ ఎక్కండి, నెమ్మదే గానీ కిటికీ పక్కన కూర్చుంటే ఊరంతా కనబడుతుంది. మధ్యాహ్నం రెండు మూడింటికి చేరితే సరిపోతుంది.

స్టేషన్ పైకి రాగానే హార్వీ మిల్క్ ప్లాజా, అక్కడే ఎగిరే పెద్ద రెయిన్‌బో జెండా. ఆ జెండా పుట్టింది ఈ ఊళ్ళోనే, గిల్బర్ట్ బేకర్, ఆయన స్నేహితులూ చేత్తో రంగులద్ది కుట్టి 1978 జూన్ 25న మొదటిసారి ఎగరేశారు, అప్పుడు ఎనిమిది రంగులుండేవి. ఆ తొలి జెండాల్లో మిగిలిన ఒక ముక్క పద్ధెనిమిదో వీధిలోని జీఎల్‌బీటీ హిస్టారికల్ సొసైటీ మ్యూజియంలో ఉంది. చిన్న మ్యూజియం, గంట చాలు, కానీ వదలకండి.

హార్వీ మిల్క్ ఎవరో తెలియకుండా కాస్ట్రోలో తిరగడం కష్టం, అడుగడుగునా ఆయన పేరే. 575 కాస్ట్రో స్ట్రీట్‌లో కెమెరా షాపు నడిపిన మనిషి. 1977లో నగర పాలక మండలి అయిన బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌కి గెలిచాడు, గే అని బాహాటంగా చెప్పుకుని కాలిఫోర్నియాలో గెలిచిన మొదటి మగవాడు. పదవిలోకి వచ్చి ఏడాది తిరక్కుండానే, 1978 నవంబర్ 27న, మేయర్ మోస్కోనేతో పాటు ఆయన్నీ సిటీ హాల్లోనే కాల్చి చంపారు. ఆ రాత్రి వేలమంది కొవ్వొత్తులు పట్టుకుని కాస్ట్రో నుంచి సిటీ హాల్ దాకా నడిచారు. అప్పుడే కొత్తగా మొదలైన శాన్‌ఫ్రాన్సిస్కో గే మెన్స్ కోరస్ జనం ముందు పాడింది మొదటిసారి అక్కడే. ఇప్పటికీ ఏటా నవంబర్ 27న కొవ్వొత్తులతో ఆయన్ని తలుచుకుంటారు. థాంక్స్‌గివింగ్ సెలవులకి వచ్చేవాళ్ళు ఆ రోజు వీలు చేసుకోండి, ఏ క్లబ్బు కన్నా ఈ ఊరి గురించి ఎక్కువ తెలుస్తుంది.

ప్లాజాకి దగ్గర్లోనే పింక్ ట్రయాంగిల్ పార్క్, చాలామంది చూడకుండానే దాటిపోతారు. నాజీ క్యాంపుల్లో గే మగవాళ్ళ బట్టల మీద గులాబీ త్రికోణం కుట్టేవాళ్ళు, వాళ్ళ గుర్తుగా 15 గ్రానైట్ స్తంభాలు. పేవ్‌మెంట్ మీద కంచు పలకలు కనిపిస్తాయి, అది రెయిన్‌బో హానర్ వాక్, ఒక్కో పలక మీద ఒక్కో క్వీర్ ప్రముఖుడి ముఖం.

పుస్తకాలంటే ఇష్టముంటే కాస్ట్రో స్ట్రీట్‌లో ఫాబులోసా బుక్స్ ఉంది. పదహారో వీధి దగ్గర హార్వీ మిల్క్ పేరు పెట్టిన లైబ్రరీ బ్రాంచ్ ఉంది, దాని అడ్రస్ "1 హోసే సరియా కోర్ట్". ఈ హోసే సరియా బ్లాక్ క్యాట్ అనే బార్లో ఆడ వేషం కట్టి ఓపెరా పాడేవాడు, మిల్క్ కన్నా పదహారేళ్ళ ముందు, 1961లో, గే అని చెప్పుకుని ఇదే నగర బోర్డుకి పోటీ చేసి ఓడిపోయినా ఐదు వేల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నాడు. ఆ బ్లాక్ క్యాట్ కేసులోనే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1951లో, గే కస్టమర్లు వస్తున్నారన్న ఒక్క కారణంతో బార్ లైసెన్స్ లాక్కోవడం కుదరదని చెప్పింది. ఇంత చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, మీరు సాయంత్రం పక్క స్టూల్ మీద కూర్చోబోయే డెబ్బై ఏళ్ళ మనిషి ఇందులో సగం కళ్ళారా చూసి ఉంటాడు, అడిగితే గంటల తరబడి చెప్తాడు కూడా.

సాయంత్రం నాలుగు నుంచి

మొదటి బార్ ట్విన్ పీక్స్ టావెర్న్, కాస్ట్రో, మార్కెట్ స్ట్రీట్లు కలిసే మూల మీద. ఇంకోటి చెప్పను. ఒకప్పుడు గే బార్లంటే కిటికీలకి నల్ల రంగు, తలుపు మీద బోర్డు కూడా ఉండదు, పోలీసులు ఎప్పుడు వస్తారో తెలియదు, లోపలున్నవాళ్ళ పేర్లు పేపర్లో పడితే ఉద్యోగాలు పోయేవి. 1972లో ఇద్దరు లెస్బియన్ స్నేహితురాళ్ళు ఈ బార్‌కి నిలువెత్తు అద్దాలు పెట్టించారు, లోపలున్నవాళ్ళు రోడ్డు మీదకి కనిపించేలా. ఇప్పుడది నగర చారిత్రక కట్టడం. వచ్చేవాళ్ళలో పెద్ద వయసువాళ్ళు ఎక్కువ, పాటలు మెల్లగా ఉంటాయి, మాటలు వినబడతాయి, ఊళ్ళో రచ్చబండ దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది. అద్దాల పక్కన కూర్చోవడం భయమనిపిస్తే లోపలి వైపు బార్ కౌంటర్ దగ్గర స్టూల్ తీసుకోండి. కౌంటర్ దగ్గర ఒంటరిగా కూర్చుంటే ఎవరో ఒకరు పలకరిస్తారు, టేబుల్ తీసుకుంటే మిమ్మల్ని మీ మానాన వదిలేస్తారు, ఏది కావాలో దాన్నిబట్టి కూర్చోవడమే.

ఏం మాట్లాడాలి అని టెన్షన్ పడేవాళ్ళకి: ఎక్కడినుంచి అంటారు, ఇండియా అంటారు, వెంటనే "అక్కడ ఇది నేరం కదా" అంటారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు దాన్ని నేరం చేసిన సెక్షన్ 377 పీడ వదిలించింది, 2023 అక్టోబర్‌లో పెళ్ళి హక్కు మాత్రం ఇవ్వలేదు, అదే ఏడాది తెలంగాణ హైకోర్టు హిజ్రాల మీదున్న నిజాం కాలం నాటి యూనక్స్ చట్టాన్ని కొట్టేసింది. ఈ మూడు చెప్తే చాలు, తర్వాత అరగంట వాళ్ళే మాట్లాడతారు.

అక్కడినుంచి నడిచే దూరంలో మీ మూడ్‌ని బట్టి వెళ్ళొచ్చు. మాబీ డిక్‌లో పూల్ టేబుల్, బార్ వెనక పెద్ద అక్వేరియం, బెరుకు ఉన్నవాళ్ళకి పూల్ ఆట మంచి సాకు. లుకౌట్‌లో బాల్కనీ మీంచి మార్కెట్ స్ట్రీట్ చూస్తూ నిలబడొచ్చు. హై టాప్స్ గే స్పోర్ట్స్ బార్, వారియర్స్ మ్యాచ్ ఉన్న రోజు గోలగోల, క్రికెట్ మాత్రం అడక్కండి. డాన్స్ కావాలంటే బో, బ్యాడ్‌లాండ్స్ లాంటివి పదింటి తర్వాతే వేడెక్కుతాయి. ఒక సాయంత్రానికి రెండు చోట్లు చాలు. మూడో చోటికి వెళ్ళేసరికి మీరు బార్లు లెక్కపెడుతుంటారు, మనుషుల్ని చూడరు.

తాగని వాళ్ళు మనలో చాలామంది. సోడా, నిమ్మకాయ అడిగితే ఎవరూ వింతగా చూడరు, కానీ టిప్ ఇవ్వండి. అసలు మందు వాసనే పడదంటే పద్ధెనిమిదో వీధిలో కాస్ట్రో కంట్రీ క్లబ్ ఉంది, పేరు చూసి గోల్ఫ్ అనుకోకండి, 1983 నుంచి నడుస్తున్న మందులేని కాఫీ అడ్డా, తాగుడు మానేసిన క్వీర్ వాళ్ళు పెట్టుకున్నది. ముందు మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కబుర్లాడుకోవచ్చు.

కాస్ట్రో దాటితే

కాస్ట్రో మాత్రమే చూసి తిరిగొస్తే తెల్లవాళ్ళ, డబ్బున్న మగవాళ్ళ ఊరు చూసినట్టే. ఈ మాట ఇక్కడివాళ్ళే అంటారు.

సోమా అంటే మార్కెట్ స్ట్రీట్‌కి దక్షిణాన ఉన్న గోడౌన్ల పేట, తోలు దుస్తులంటే మోజున్న లెదర్ వాళ్ళ అడ్డా. పన్నెండో వీధిలో ఈగిల్ అనే బార్ ఉంది, ఆదివారం మధ్యాహ్నం దాని వెనక పెరట్లో బీర్ బస్ట్ అనే బీర్ పార్టీ జరుగుతుంది, దాని డబ్బు చాలాసార్లు ఏదో ఒక సేవా సంస్థకి వెళ్తుంది. తోలు చొక్కాలు, గడ్డాలు చూసి జడుసుకోకండి, అంత మర్యాదస్తులు వేరేచోట దొరకరు. ఫోల్సమ్ స్ట్రీట్‌లో ది స్టడ్ ఉంది. 1966లో మొదలైన బార్, 2016లో మూతపడబోతుంటే అక్కడ పనిచేసేవాళ్ళు, ఆడిపాడేవాళ్ళు కలిసి సహకార సంఘంగా కొనుక్కున్నారు, కోవిడ్‌లో చోటు పోయింది, 2024లో కొత్త చోట మళ్ళీ తెరిచారు. డ్రాగ్, అంటే ఆడ వేషాలు కట్టి ఆడే షో, టీవీలో చూసిన మెరుపుల పోటీలే అనుకునేవాళ్ళు ఇక్కడ ఒక రాత్రి చూడాలి, సగం నాటకం, సగం రాజకీయం, కొంత పిచ్చి.

టెండర్‌లాయిన్‌లో, టర్క్, టేలర్ వీధుల మూలన 1966 ఆగస్టులో కాంప్టన్స్ కఫెటేరియాలో ట్రాన్స్ మహిళలు, డ్రాగ్ క్వీన్లు పోలీసుల వేధింపులకి ఎదురు తిరిగారు. న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ బార్ దగ్గర జరిగిన పేరుమోసిన తిరుగుబాటుకి మూడేళ్ళ ముందు. 2017లో ఆ చుట్టుపక్కల వీధుల్ని నగరం ట్రాన్స్‌జెండర్ డిస్ట్రిక్ట్‌గా గుర్తించింది. అక్కడే ఆంట్ చార్లీస్ లాంజ్ అని ఇరుకైన పాత బార్ ఉంది, ముక్కు తగిలేంత దగ్గరగా డ్రాగ్ షో. ఈ పేటలో రాత్రి నడక మాత్రం వద్దు, రోడ్డు మీద డ్రగ్స్ బాధితులు చాలామంది ఉంటారు, వాళ్ళు మిమ్మల్ని ఏమీ అనకపోవచ్చు గానీ కొత్తవాళ్ళకి కంగారు పుడుతుంది. బార్ గుమ్మం దాకా క్యాబ్‌లో వెళ్ళి, గుమ్మం దగ్గరే క్యాబ్ ఎక్కండి.

ఆడవాళ్ళకి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో లెస్బియన్ బార్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, మాడ్స్ 1989లో, లెక్సింగ్టన్ క్లబ్ 2015లో. మిగిలిన పాత చోటు వైల్డ్ సైడ్ వెస్ట్, బెర్నల్ హైట్స్ కొండ మీద, వెనకాల చెట్ల మధ్య తోట, పాత సింకులూ బొమ్మలూ పడేసి ఉంటాయి, ఎండున్న మధ్యాహ్నం అక్కడ కూర్చుంటే లేవబుద్ధి కాదు. 2023లో మిషన్ పేటలో మదర్ అని ఇంకోటి తెరిచారు. మిషన్ స్ట్రీట్‌లోనే 1978 నుంచి ఉన్న ఎల్ రియో అందరిదీ: లాటినోలు, నల్లవాళ్ళు, ట్రాన్స్ వాళ్ళు, దేశీలు, పెద్ద పెరడు, చవక మందు. మన రంగువాళ్ళకి మొదటి రాత్రి ఏదంటే నేను ట్విన్ పీక్స్ తర్వాత ఎల్ రియోనే చెప్తా.

లోపల ఎలా మసలుకోవాలి

ఒక్క డాలర్ నోట్ల సంగతి: గ్లాసుకి కనీసం ఒకటి రెండు డాలర్లు టిప్, కార్డు మీదైతే 20 శాతం దాకా. డ్రాగ్ షోలో నోటు చేత్తో ఎత్తి పట్టుకుంటే ఆ క్వీన్ పాడుతూ వచ్చి తీసుకుంటుంది. విసరకండి. ఆమెని ముట్టుకోకండి. ముందు వరసలో కూర్చుంటే మిమ్మల్ని ఆటపట్టిస్తుందని తెలిసే కూర్చోండి.

ఫోటోలు: స్టేజ్ మీదున్నవాళ్ళని తీయొచ్చు, జనాన్ని తీయకూడదు. మీకు ఇంట్లో తెలుస్తుందేమోనన్న భయం ఉన్నట్టే అక్కడున్న ఎల్ సాల్వడార్ కుర్రాడికీ ఉంటుంది. మీ ఫోటో ఎవరైనా తీస్తుంటే "నో ఫోటోస్ ప్లీజ్" అని చెప్పండి, వెంటనే ఆపేస్తారు. అసలు పేరు చెప్పాలని కూడా లేదు, ఒక ముద్దుపేరు చెప్తే చాలు, ఎవరూ ఇంటిపేరు, కంపెనీ పేరు అడగరు, అడిగినా నవ్వేసి మాట మార్చడం ఇక్కడ మామూలే.

ఎవరైనా మీద ఆసక్తి చూపిస్తే, మీకు లేకపోతే, "థాంక్స్, నో" చాలు, మొహమాటపడి డ్రింక్ తీసుకోవద్దు. మీరు ఎవర్నైనా పలకరించి కాదంటే అక్కడితో వదిలేయండి. చీకట్లో, కిక్కిరిసిన చోట చెయ్యి తగిలింది కదా అని ఒప్పుకున్నట్టు కాదు.

ఇక స్ట్రెయిట్ స్నేహితులకి: రండి, తాగండి, ఆడండి, డ్రాగ్ షోకి డబ్బులివ్వండి. ఆఫీసు గ్యాంగ్ పదిమంది గుంపుగా వచ్చి, ఒక మూల నిలబడి, ఎవరు మగ ఎవరు ఆడ అని తెలుగులో కామెంట్లు చేసుకోవడం మాత్రం వద్దు. ఆ గదిలో తెలుగు అర్థమయ్యేవాడు ఒక్కడైనా ఉంటాడు, ఈ ఊళ్ళో ఎక్కడైనా ఉంటాడు.

ఒక చేదు సంగతి కూడా. అందరూ చేతులు చాచి ఆహ్వానిస్తారని చెప్తే అబద్ధం. యాప్‌లలో మన రంగు చూసి జవాబివ్వనివాళ్ళుంటారు, కొన్ని బార్లలో మీరు అక్కడ లేనట్టే మీ భుజం మీంచి చూస్తారు. ఇది చాలామంది దేశీ క్వీర్ వాళ్ళకి ఎదురైనదే, తప్పు మీ మొహంలోనో, యాసలోనో వెతుక్కోకండి. చోటు మార్చండి. ఈ కారణంగానే 1986లో బే ఏరియాలో త్రికోణ్ పుట్టింది, దక్షిణాసియా క్వీర్ వాళ్ళ సంఘాల్లో ప్రపంచంలోనే పాతదని చెప్పుకునేది. దేశీ డాన్స్ రాత్రులు, పాట్‌లక్‌లు ఎప్పుడు, ఎక్కడ అనేది ఇలాంటి గ్రూపుల సోషల్ మీడియా పేజీల్లోనే తెలుస్తుంది. ఒక హాలు నిండా మన సినిమా పాటలకి మగవాళ్ళు మగవాళ్ళతో స్టెప్పులేస్తుంటే చూడటం వేరే లెవెల్.

తాగడం, మిగతావి, వీసా

ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు, కాబట్టి శ్రద్ధగా చదవండి. ఎఫ్1, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు తాగి కారు నడిపి పట్టుబడితే, కోర్టులో కేసు తేలకముందే వీసా స్టాంప్ రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకి ఉంది, చేస్తోంది కూడా. కారు తీసుకెళ్ళొద్దు, అంతే. పైగా పార్క్ చేసిన కార్ల అద్దాలు పగలగొట్టి బ్యాగులు ఎత్తుకెళ్ళడంలో ఈ ఊరికి పేరుంది.

గంజాయి కాలిఫోర్నియాలో 21 దాటినవాళ్ళకి చట్టబద్ధం, దుకాణాల్లో అమ్ముతారు. కానీ కేంద్ర చట్టం ప్రకారం ఇంకా నేరమే, ఇమిగ్రేషన్ నడిచేది కేంద్ర చట్టం మీద. సిటిజన్ కానివాళ్ళు వాడామని ఒప్పుకున్నా ఇబ్బందే, కాబట్టి ఫోన్లో ఫోటోలు, చాట్‌లు కూడా జాగ్రత్త. క్లబ్బుల్లో ఎవరైనా పొడి ఇస్తే వద్దనండి, నీతులు చెప్పట్లేదు, ఫెంటనిల్ అనే ఘాటైన మత్తుమందు కలిసి ఉంటే చిటికెడు చాలు మనిషి పోవడానికి. "జీ" అని చుక్కల మందు ఒకటి తిరుగుతుంటుంది, మద్యంతో కలిస్తే ఊపిరి ఆగిపోతుంది.

మీ గ్లాసు మీ చేతిలోనే ఉండాలి. 2024 జూలై నుంచి కాలిఫోర్నియాలో చాలా బార్లు గ్లాసులో ఏదైనా కలిపారేమో చూసే టెస్ట్ కిట్లు అమ్మాలో, ఊరికే ఇవ్వాలో చట్టం ఉంది. అనుమానం వస్తే కౌంటర్ దగ్గర అడగండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

సెక్స్ సంగతికొస్తే, కాస్ట్రో స్ట్రీట్‌లో స్ట్రట్ అనే కేంద్రం ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిడ్స్ ఫౌండేషన్ వాళ్ళది, హెచ్ఐవీ, ఎస్టీఐ (సెక్స్ వల్ల అంటే జబ్బులు) పరీక్షలు చేస్తారు, హెచ్ఐవీ రాకుండా ముందు నుంచి వేసుకునే ప్రెప్ మాత్రల గురించి చెప్తారు. ఏదైనా పొరపాటు జరిగిందనిపిస్తే 72 గంటల లోపు హెచ్ఐవీ అంటకుండా ఆపే పెప్ మందు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, సోమవారం దాకా ఆగకుండా అర్జెంట్ కేర్‌కో ఎమర్జెన్సీకో వెళ్ళండి. అక్కడ మిమ్మల్ని పెళ్ళయిందా అని అడగరు, ఇంట్లో చెప్పరు. ఒకటే చిక్కు, తల్లిదండ్రుల పేరు మీదో, భార్య లేదా భర్త పేరు మీదో ఇన్సూరెన్స్ ఉంటే బిల్లు వివరాలు వాళ్ళకి వెళ్ళే అవకాశం ఉంది, ముందే అడగండి.

బార్లు లేకుండా

నెల రోజులుండే వాళ్ళకి, లేదా ఇక్కడే స్థిరపడిన వాళ్ళకి బార్ల కన్నా ఇవే ముఖ్యం. 1800 మార్కెట్ స్ట్రీట్‌లో ఎల్‌జీబీటీ సెంటర్, 2002 నుంచి ఉంది, ఉద్యోగం వెతకడం నుంచి కౌన్సెలింగ్ దాకా సాయం చేస్తారు. ఫ్రంట్‌రన్నర్స్ అని పరుగు క్లబ్, 1974లో ఇక్కడే మొదలై ప్రపంచమంతా పాకింది, వారాంతం పొద్దున గోల్డెన్ గేట్ పార్కులో కలుస్తారు, నడిచేవాళ్ళు కూడా వెళ్ళొచ్చు, తర్వాత టిఫిన్. సిటీ మెయిన్ లైబ్రరీలో హోర్మెల్ సెంటర్, క్వీర్ పుస్తకాలు, పాత పత్రికలు, చదవడానికి పైసా ఖర్చు లేదు. గోల్డెన్ గేట్ పార్కులోనే నేషనల్ ఎయిడ్స్ మెమోరియల్ గ్రోవ్ ఉంది, ఒక తరం మగవాళ్ళు ఎలా పోయారో తెలిస్తే ట్విన్ పీక్స్‌లో ఆ పెద్దాయన పక్క సీటు ఎందుకు ఖాళీగా ఉందో అర్థమవుతుంది.

పండగ రోజులు

జూన్ చివరి వారాంతం ప్రైడ్. శుక్రవారం ట్రాన్స్ మార్చ్, శనివారం లెస్బియన్ల డైక్ మార్చ్, ఆదివారం మార్కెట్ స్ట్రీట్ మీద పెద్ద పరేడ్. హైదరాబాద్‌లో 2013లో మొదలైన ప్రైడ్ నడకలో నడిచినవాళ్ళకి ఇక్కడి ఆదివారం కొంచెం నిరాశగా ఉండొచ్చు, బ్యాంకుల బండ్లు, టెక్ కంపెనీల టీషర్టులు ఎక్కువ, మీ టీమ్ లీడ్ కూడా ఎదురుపడొచ్చు. నన్నడిగితే శుక్రవారం, శనివారం నడకలే బాగుంటాయి. అదే నెలలో 1977 నుంచి జరుగుతున్న ఫ్రేమ్‌లైన్ ఫిల్మ్ ఫెస్టివల్, చీకటి హాల్లో ఎవరి కంటా పడకుండా కూర్చోవచ్చు కాబట్టి బెరుకున్నవాళ్ళకి మరీ మంచిది.

సెప్టెంబర్ చివరి ఆదివారం ఫోల్సమ్ స్ట్రీట్ ఫెయిర్. పేరు చూసి జాతర అనుకుని పిల్లల్ని, అత్తగారిని తీసుకెళ్ళకండి, లెదర్, కొరడాలు, కొందరి ఒంటి మీద నూలుపోగు కూడా ఉండదు. అడక్కుండా ఫోటో తీస్తే చీవాట్లు తింటారు. గడ్డాలతో, తెల్ల పౌడర్ ముఖాలతో నన్స్ కనిపిస్తే వాళ్ళు సిస్టర్స్ ఆఫ్ పర్పెచువల్ ఇండల్జెన్స్, 1979 నుంచి ఈ వేషంతో నవ్విస్తూ విరాళాలు పోగుచేస్తున్నారు. డబ్బా చాపితే ఒక డాలర్ వేయండి.

ఇంటికి వెళ్ళడం

బార్లు రాత్రి రెండింటికి మూసేయాలి, చట్టం. బార్ట్, కాల్‌ట్రైన్ అర్ధరాత్రికే దాదాపు ఆగిపోతాయి. ఈ రెండు గంటల తేడాలోనే ఫ్రీమాంట్, డబ్లిన్, సనివేల్ వాళ్ళ జేబులు ఖాళీ అవుతాయి, ఎందుకంటే రెండింటికి అందరూ ఒకేసారి ఊబర్ కొడతారు, రేటు ఆకాశానికి వెళ్తుంది. పదకొండున్నరకి లేచి రైలెక్కండి, లేదా ఊళ్ళోనే ఉండే స్నేహితుడి సోఫా ముందే మాట్లాడుకోండి. నగరం లోపలే తిరగాలంటే వేమో డ్రైవర్‌లేని కార్లున్నాయి, డ్రైవర్ ఏమనుకుంటాడో అన్న బెంగ కూడా ఉండదు.

ఇంత దూరం ప్రతి వారం రాలేని సౌత్ బే వాళ్ళకి శాన్‌హోసేలో పోస్ట్ స్ట్రీట్ ఉంది, అక్కడ స్ప్లాష్ అనే క్లబ్బు, ఆ వీధి చుట్టుపక్కలని క్యూమ్యూనిటీ డిస్ట్రిక్ట్ అంటారు. 1981 నుంచి నడుస్తున్న బిల్లీ డిఫ్రాంక్ సెంటర్‌లో మందు లేకుండా మనుషుల్ని కలవొచ్చు. ఈస్ట్ బే వాళ్ళకి ఓక్లాండ్‌లో వైట్ హార్స్, 1933 నుంచి ఉన్న బార్, బార్ట్ స్టేషన్ నుంచి మరీ దూరం కాదు. తెలిసినవాళ్ళు తగిలే అవకాశం శాన్‌హోసేలోనే ఎక్కువ, అది ఆలోచించుకోండి. తగిలితే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి, వాళ్ళూ అక్కడికే వచ్చారు.